మొదటి పీరియడ్

సెప్టెంబరు 9, సోమవారం

మన గ్రేడ్లు వేస్తే ఏ యూనివర్సిటీలో సీటొచ్చే అవకాశం ఎంతో చెప్పే సైటు ఒకటుందని నా ఫ్రెండ్ నోయెల్ చెప్పింది. వేశాను. తెర మీద ముల్లు ఎర్ర గీత దగ్గర కూర్చుంది, కదలనంటే కదలనంది. సైటు పాడైందేమోనని ఇంకోసారి వేశాను. సైటు బాగానే ఉంది. పాడైంది నేనే.

సరదాకి, ఒలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచినట్టు కూడా వేసి చూశాను. ముల్లు కాస్త ఒళ్లు విరుచుకుని మళ్లీ పడుకుంది. తొమ్మిదో తరగతి అల్జీబ్రాలో డి తెచ్చుకున్నవాళ్లు ఒలింపిక్స్‌కి వెళితే బంగారంతోనే తిరిగి రావాలన్నమాట.

నోయెల్ తన ముల్లు చూపించింది. పచ్చగా, కుడి చివర నిటారుగా నిలబడి ఉంది. దానికన్నీ ఎ గ్రేడ్లే. పుట్టినప్పుడు ఆసుపత్రిలో బరువు తూస్తే కూడా ఎ వచ్చుంటుంది. "బాధపడకు ఐనో, నీలో వేరే గుణాలున్నాయి," అంది. ఏంటవి అని అడిగితే చాలాసేపు ఆలోచించి, "చెట్లు కోసే చైన్‌సాలు బాగుచేస్తావు కదా," అంది.

అది మాత్రం నిజం. మా బళ్లో అడ్వాన్స్‌డ్ క్లాసులు ఉన్నవే రెండు, ఒకటి ఇంగ్లీషు, ఒకటి చరిత్ర. తొమ్మిదిలో నా ప్రతాపం చూసి పదిలో నన్ను ఆ గడప తొక్కనివ్వలేదు. ఆ పీరియడ్‌లో ఖాళీ ఉన్నది చిన్న ఇంజన్ల రిపేరు ఒక్కటే. అలా అమెరికా ఉత్తరపు అంచునున్న ఈ పై మిషిగన్‌లో ఏ ఇంటి మంచుమీద నడిచే స్నోమొబైల్ మొరాయించినా విప్పి బిగించగల పండితురాలినయ్యాను. వాతావరణశాస్త్రం చదవాలనుకునే మనిషికి ఎంత పనికొచ్చే విద్యో! తుఫాను మధ్యలో ఆగిపోతే తాడు లాగి మళ్లీ స్టార్ట్ చేస్తాను.

సెప్టెంబరు 10, మంగళవారం

ముల్లు ఇవాళా అక్కడే.

సెప్టెంబరు 24, మంగళవారం

కెటోలా సార్ పిలిచారు. ఆయన మా బడి కౌన్సెలర్. అమ్మాయిల బాస్కెట్‌బాల్ కోచ్ ఆయనే, పొద్దున్నే బస్సుల దగ్గర కాపలా ఆయనే, పిల్లలకి కారు నేర్పేదీ ఆయనే. ఆ కారు అలవాటు కుర్చీలోనూ పోలేదు. ఎదుటివాళ్లు తొందరపడి ఏదైనా అంటే టేబుల్ కింద ఆయన కుడికాలు బ్రేకు తొక్కుతుంది.

"ఎక్కడికి అప్లై చేస్తున్నావు?"

చెప్పాను. సరస్సు వంతెన దాటి, మా రాష్ట్రం దిగువ సగంలో ఉన్న పెద్ద యూనివర్సిటీ. కాలు బ్రేకు తొక్కింది.

"ఇంకెక్కడికీ లేదా?"

"లేదు సార్. నాకు కావలసింది అక్కడే ఉంది."

"పదకొండులో చూస్తే అన్నీ ఎ, బి. తొమ్మిదిలో ఈ సి, డిలు ఏంటమ్మా? వేరే పిల్ల కాగితం గానీ కలిసిపోయిందా అనుకున్నా."

"వేరే పిల్లే సార్. అప్పుడు దాని పళ్లకి తీగలుండేవి."

ఆయన నవ్వలేదు. తొమ్మిదో తరగతి మార్కులు యూనివర్సిటీవాళ్లూ చూస్తారట. కింద నుంచి పైకొచ్చినవాళ్లంటే వాళ్లకి ఇష్టమేనట, కానీ అసలు కిందకెందుకు వెళ్లామో తెలియాలట. దరఖాస్తులో దానికో గడి ఉంటుంది. చదువు దెబ్బతినేలా ఇంట్లో ఏమన్నా జరిగుంటే అందులో రాయాలి.

"ఏమన్నా జరిగిందా?"

"ఏం లేదు సార్."

"ఏమీ లేదా?"

"తొమ్మిదిలో ఏమీ జరగలేదు."

ఆయన ఆఖరు తేదీ ఎప్పుడన్నారు. నవంబరు పదిహేను, బడి నుంచి రావలసిన కాగితాలు కూడా ఆ రోజుకే చేరాలి అన్నాను. అప్పుడు నవ్వారు. "నవంబరు పదిహేనా! ఆ తేదీ ఈ ఊళ్లో ఎవడు మర్చిపోతాడమ్మా?"

అక్టోబరు 3, గురువారం

నాకు కష్టాల కరువొచ్చింది.

నోయెల్ వాళ్ల అమ్మమ్మ పోయిన సంగతి ఇప్పటికి మూడు కాలేజీలకి మూడు రకాలుగా రాసింది. ఒకదాంట్లో ఆవిడ చనిపోతూ నోయెల్ చెయ్యి పట్టుకుంది, ఇంకోదాంట్లో పుస్తకం ఇచ్చింది. నిజానికి ఆవిడ పోయింది ఫ్లోరిడాలో, పేకాట మధ్యలో. నాకు అలాంటి అమ్మమ్మ కూడా లేదు. ఉన్నావిడ గుండ్రాయిలా ఉంది, మొన్నే పైకప్పు ఎక్కి ఆకులు దులిపింది. మా కుక్క ముసలిదే కానీ చావదు. ఎవరూ నన్ను ఏడిపించలేదు, ఏడిపించేంత ముఖ్యమైనదాన్ని కూడా కాదు.

తొమ్మిదిలో జరిగిందల్లా అమ్మ వెన్నునొప్పితో కొన్నాళ్లు పడుకోవడం. కొన్నాళ్లంటే ఆ చలికాలం. వెన్నునొప్పి లేని ఇల్లేది? ఊరంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి తలుపు దగ్గర వండిన కూరల గిన్నెలూ, వెన్నుకి కాపడం పెట్టుకునే కరెంటు మెత్తలూ ఇచ్చివెళ్లారు. ఆ మెత్తలు ఇప్పటికీ అలమరలో ఉన్నాయి. ఎవరూ లోపలికి రాలేదు, ఎలా ఉందని రెండోసారి అడగలేదు. మా ఊరి మర్యాద అది. ఇక్కడ పడవ మునిగి ఈదుకుంటూ బయటపడ్డవాణ్ణి ఏమైందంటే "కాస్త తడిశా" అంటాడు.

అలాంటి ఊళ్లో పుట్టి వెన్నునొప్పి గురించి యూనివర్సిటీకి మొరపెట్టుకుంటే పరువుండదు. తొమ్మిదిలో ఏమీ జరగలేదు.

అక్టోబరు 21, సోమవారం

ఆ గడి నింపేశాను. "అప్పుడు నాకు బద్ధకం ఎక్కువ, బాధ్యత తెలియదు. ఇప్పుడు తెలుసుకున్నాను." మూడు ముక్కలు. చదివినవాళ్లు నా నిజాయితీకి కళ్లు తుడుచుకుంటారు.

అమ్మ ఈ మధ్య హుషారుగా ఉంది. వృద్ధాశ్రమంలో వంటకి మధ్యాహ్నం వెళుతూ పాట పాడుకుంటోంది. నాన్న పనిచేసే సరకు ఓడ రేవుపట్నం డులూత్‌లో ఇనుపరాయి ఎత్తుకుంటోందని ఫోన్ చేశాడు. సరస్సు గడ్డకట్టి జనవరిలో ఓడలు ఆగితే గానీ ఆయన ఇల్లు చేరడు. "ఇంట్లో అంతా బాగేనా?" అన్నాడు. "బాగే," అన్నాం అమ్మా, చెల్లి కైసా, నేనూ, ఒకరి చేతిలోంచి ఒకరు ఫోన్ లాక్కుని.

నవంబరు 14, గురువారం

నా దరఖాస్తు పంపేశాను. కానీ బడి నుంచి రావలసిన గ్రేడ్ల కాగితం ఎదురుగా ఇంకా "అందలేదు" అనే ఉంది. మధ్యాహ్నం కెటోలా సార్ గదికి వెళ్లాను. తాళం. ఆఫీసులో అడిగితే, "క్యాంపుకి వెళ్లిపోయారుగా," అన్నారు, సూర్యుడు పడమటికి వెళ్లిపోయాడుగా అన్నట్టు.

రేపు నవంబరు పదిహేను. దుప్పుల వేట మొదలయ్యే రోజు. బడికి సెలవు, పళ్ల డాక్టరుకి సెలవు, చావులకి కూడా సెలవే అనుకుంటా. ఆయన తేదీ మర్చిపోలేదు. అది ఇంకా దేని తేదీయో మర్చిపోయారు, అంతే. ఫోన్ చేస్తే మోగడం లేదు. ఆ అడవిలో సిగ్నల్ ఉండదు. అందుకే కదా వెళతారు.

నవంబరు 15, శుక్రవారం

పొద్దున్నే అమ్మ ట్రక్కు తీసుకుని బయల్దేరాను. కైసా కూడా ఎక్కింది. పదేళ్ల పిల్లని వేట రోజున అడవికి తీసుకెళ్లకూడదు, కానీ అది సీటు బెల్టు పెట్టేసుకుని, "నేను రాకపోతే నువ్వు సార్ ముందు నోరు మెదపవు," అంది. దుప్పులనుకుని ఎవరూ కాల్చకుండా ఇద్దరం నారింజరంగు కోట్లు వేసుకున్నాం. టోపీలు, చేతి తొడుగులు అన్నీ అదే రంగు. యూనివర్సిటీ మెట్లెక్కకముందే తూటా తగిలి పోతే ఆ గడిలో రాసుకోవడానికి మంచి కష్టమే కానీ, రాసేవాళ్లుండరు.

కెటోలా సార్ క్యాంపు ఎక్కడో ఊళ్లో అందరికీ తెలుసు. పాకలో ఎవరూ లేరు. మంచులో బూట్ల గుర్తులు పట్టుకుని లోపలికి నడిచాం. ఓ పెద్ద మేపుల్ చెట్టు మీద మంచె, మంచె మీద నారింజరంగు ముద్ద.

"సార్," అన్నాను గుసగుసగా.

"ష్!"

"సార్, నేను ఐనోని."

"ష్ అంటుంటే!"

"సార్, మా అక్క గ్రేడ్లు పంపలేదు మీరు!" అని కైసా అరిచింది. అది గుసగుస కాదు.

పొదల్లో ఏదో విరిగింది. కొమ్ముల పొద తలకెత్తుకున్నంత దుప్పి ఒకటి మా ముందునుంచే ఎగిరి, తోక తెల్లగా చూపించి మాయమైంది. తర్వాత ఆయన తుపాకీలోంచి తూటాలు తీసేసి మెట్టు మెట్టుగా కిందికి దిగారు. మొహం చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు.

"వాడి కోసం పోయినేడాది నుంచి చూస్తున్నా," అన్నారు. తర్వాత, "ఇవాళ పదిహేనా?" అన్నారు. తర్వాత నెత్తి కొట్టుకున్నారు. "అయ్యో, పదిహేనే కదూ! నీక్కూడా పదిహేనే కదూ!"

ఆయన ట్రక్కు ముందు, మాది వెనక. బడి తాళం ఆయనే తీశారు. వేట బట్టల్లో, పైన్ ఆకుల వాసనతో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. కైసా చక్రాల కుర్చీ ఎక్కి గిరగిరా తిరగడం మొదలెట్టింది. కాగితం పంపడానికి నిమిషం పట్టలేదు. నేను థ్యాంక్స్ చెప్పి లేస్తుంటే, "ఆగు. ఆ గడిలో ఏం రాశావు?" అన్నారు.

"నిజమే రాశాను సార్. బద్ధకం అని."

ఆయన నా తొమ్మిదో తరగతి తెర మీద పెట్టి వేలితో చూపించారు. "మొదటి పీరియడ్ అల్జీబ్రా, డి. రెండో పీరియడ్ సి. మధ్యాహ్నం బి. ఆఖరి పీరియడ్ ఎ. బద్ధకానికి గడియారం చూడ్డం వచ్చా?"

ఇన్నేళ్లలో ఆ కాగితాన్ని అలా నిలువునా చదవాలని నాకు తోచలేదు. "పొద్దున్నే నాకు లెక్కలు ఎక్కవు సార్," అన్నాను.

"పదకొండులోనూ మొదటి పీరియడ్ లెక్కలే. ఎ వచ్చింది."

ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. "ఆ చలికాలమంతా బస్సుల దగ్గర నేనే కదమ్మా నిలబడింది. పెద్దపిల్లల బస్సు ముందొచ్చేది, అందులో నువ్వుండేదానివి కాదు. చిన్నపిల్లల బస్సు వచ్చేది, ఈ బుడ్డది దిగేది. ఆ తర్వాత ఎప్పటికో నువ్వు, మంచులో నడుచుకుంటూ. ఒకసారి అడిగాను కూడా. గుర్తుందా?"

"లేదు సార్." గుర్తుంది.

"నడవడం ఇష్టం అన్నావు."

"ఇష్టమే సార్."

"ఆ చలిలోనా? కనురెప్పల మీద మంచు పట్టి ఉండేది నీకు. ఇంకోసారి అడగాల్సింది. అడగలా. మన ఊళ్లో ఒకసారి అడగడమే ఎక్కువ అనుకుంటాం. ఏమైందో నాకు చెప్పక్కర్లేదు, నేను అడగను. ఆ గడికి చెప్పు."

కైసా కుర్చీ ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

పంపిన దరఖాస్తుకి ఒక వివరం జోడించుకోవచ్చట. అక్కడే కూర్చుని రాశాను. ఆ చలికాలం మా అమ్మకి వెన్నునొప్పి, నాన్న ఓడ మీద, చెల్లిని బస్సెక్కించి నేను వచ్చేసరికి మొదటి పీరియడ్ అయిపోయేది. పంపాను. సార్ సాయంత్రం వేటకైనా అందుకోవాలని పరిగెత్తారు.

తిరిగి వస్తుంటే కైసా చాలాసేపు కిటికీలోంచి చూసింది. "నన్ను బస్సెక్కించినందుకా నీకు డి వచ్చింది?"

"కాదు. అల్జీబ్రా రాక."

"నేను బూట్లు తొందరగా వేసుకునేదాన్ని కాదు. ఏడ్చేదాన్ని."

"ఏడేళ్ల పిల్లలందరూ ఏడుస్తారు. ఊరుకో."

"అమ్మకి వెన్ను నొప్పి లేదు ఐనో. కిందపడ్డ దుప్పటి వంగి తీసుకునేది. నేను చూశా. తీసుకుని మళ్లీ మొహం మీదకి కప్పుకునేది."

"నోరు ముయ్యి," అన్నాను. రేడియో పెట్టాను. ఇల్లు చేరేదాకా ఇద్దరం ఆ రేడియో విన్నాం, ఏం విన్నామో తెలీదు.

నవంబరు 16, శనివారం

అమ్మకి వెన్నునొప్పే. రాశాను కదా. పంపాను కదా. అయిపోయింది.

డిసెంబరు 19, గురువారం

నోయెల్‌కి ఒకేసారి రెండు చోట్ల సీటొచ్చింది. పేకాట అమ్మమ్మ రెండుసార్లు స్వర్గం చేరింది. నేను మనస్ఫూర్తిగా కావలించుకుని అభినందించాను, తర్వాత ఇంటికొచ్చి కైసా దాచుకున్న చాక్లెట్లన్నీ తినేశాను.

జనవరి 24, శుక్రవారం

జవాబొచ్చింది. చేర్చుకుంటామనీ లేదు, పొమ్మనీ లేదు. వాయిదా. ఈ అర్ధసంవత్సరం గ్రేడ్లు చూశాక మార్చిలో చెబుతారట, ఈలోగా చెప్పుకోవలసింది ఇంకేమైనా ఉంటే చెప్పుకోమన్నారు. నన్ను మించిన బద్ధకస్తులు ఈ భూమ్మీద ఉన్నారని తెలిసి కొంత ఊరట కలిగింది.

కెటోలా సార్ చదివి తల ఊపారు. "వెన్నునొప్పంటే వాళ్లు వారం రోజుల సంగతి అనుకునుంటారమ్మా. నువ్వేమో చలికాలమంతా అంటున్నావు. రెండూ అతకలా." నేను చూస్తాను అన్నాను. ఏం చూస్తాను? చూసేది ఉంటే కదా.

జనవరి 26, ఆదివారం

ఇవాళ్టిది రాయాలని లేదు. రాస్తాను.

నాన్న ఇంటికొచ్చి వారమైంది. సాయంత్రం నలుగురం బల్ల చుట్టూ కూర్చుని మాంసం, దుంపలు కూరిన పాస్టీలు తింటున్నాం. వాయిదా సంగతి నాన్న అడిగాడు. ఇంకేదో వివరం కావాలట అన్నాను. ఏం వివరం అన్నాడు. ఏం లేదు అన్నాను. అప్పుడు కైసా, నోట్లో ముద్ద ఉండగానే, "అమ్మ వెన్ను గురించి రాసింది. వాళ్లు నమ్మలేదు," అంది.

నేను బల్ల కింద దాని కాలు తన్నాను. తగిలింది నాన్నకి.

అమ్మ ఫోర్కు కింద పెట్టింది. పెట్టి, దాన్ని పళ్లెం పక్కన సరిగ్గా సర్దింది. "ఏమని రాశావు?"

"ఏం లేదమ్మా. నీకు బాలేదని. చెల్లిని బస్సెక్కించేదాన్నని. అంతే. తీసేయమంటే తీసేస్తాను."

"నా వెన్ను బాగానే ఉంది," అంది అమ్మ. "అప్పుడూ బాగానే ఉంది."

నాన్న పాస్టీ చేత్తో పట్టుకుని అలాగే ఉన్నాడు.

"లేవాలనిపించేది కాదు. పొద్దున్నే కళ్లు తెరిస్తే, మళ్లీ తెల్లారిందా అని ఏడుపొచ్చేది. ఎందుకో నాకే తెలీదు. ఎవరో వెన్నునొప్పా అన్నారు. అవును అన్నాను. అది చెప్పుకోడానికి బాగుంది. అందరూ ఆ మెత్తలు పట్టుకొచ్చారు."

"నేనూ ఒకటి కొనుక్కొచ్చాను," అన్నాడు నాన్న మెల్లగా.

"తెచ్చావు. వేడి రెండు రకాలుగా మార్చుకునేది."

నాన్న నవ్వబోయి ఆగిపోయాడు. "ఆ ఏడు ఓడ మరమ్మతు పనికి ఆగిపోయి, చలికాలం చివర్లో ఇంటికి వచ్చాక నాకు అనుమానం వచ్చింది లోరా. అడగలేదు. అడిగితే చెబుతావేమోనని భయపడ్డాను." ఆ మాట మా నాన్న నోట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. నవంబరు గాలివానలో సరస్సు మీద నిలబడే మనిషి ఆయన.

అమ్మ నా వైపు తిరిగింది. "మెట్లమీద నీ అడుగులు వినేదాన్ని ఐనో. నువ్వు పొయ్యి రాజేయడం, దీన్ని బతిమాలి బూట్లు తొడగడం, తలుపేసుకుని వెళ్లడం. అన్నీ వింటూ పడుకునేదాన్ని. బద్ధకం అని రాసుకున్నావట మొదట. కెటోలా చెప్పాడు నాకు. నీకు సిగ్గులేదూ?"

"నాకెందుకు సిగ్గు?"

"అబద్ధం రాసినందుకు. నిజం రాయి. నా పేరు పెట్టి రాయి."

లేచి పళ్లేలు తీసింది. నేను కడుగుతానన్నాను. "కూర్చో," అంది. అంత కోపంగా అమ్మ ఎప్పుడూ అనలేదు. అంత ప్రేమగా కూడా అనలేదేమో. నాకు ఏడుపొచ్చింది. ఉప్పు డబ్బా అందుకున్నట్టు నటించాను, అది ఖాళీ.

ఫిబ్రవరి 2, ఆదివారం

రాశాను. అమ్మకి చూపించాను. "ఆ చలికాలం మా అమ్మ మనసు కొద్దిగా బాగోలేదు" అని మొదలుపెట్టాను. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చదివి, పెన్సిలు తీసుకుని "కొద్దిగా" కొట్టేసింది. మిగతాదంతా ఉంచింది. డాక్టరు దగ్గరికి వెళుతున్నానని కూడా చివర రాయమంది, వెళుతోంది కాబట్టి. ఎప్పటి నుంచి అని అడిగితే, సోమవారం నుంచి అంది. రేపేగా సోమవారం అన్నాను. అవును అంది.

మార్చి 14, శుక్రవారం

సీటొచ్చింది.

వేసవిలో ఒక లెక్కల క్లాసు చేసి రావాలట. అంతే. బడి లైబ్రరీలో చదివాను. నోయెల్ చూసి అరిచింది, లైబ్రేరియన్ దాన్ని బయటికి పంపింది. కెటోలా సార్ నా చెయ్యి పట్టుకుని ఊపుతూ, "ఆ దుప్పిని క్షమించాను పో!" అన్నారు.

ఇంటికి నడిచి వచ్చాను. బస్సుంది, ఎక్కలేదు. సంతోషం రావాలి కదా అని దారంతా ఎదురుచూశాను. రాలేదు. ఆ ముల్లు ఎర్ర గీత దగ్గర కూర్చున్నన్నాళ్లూ నేనెంత నిశ్చింతగా ఉన్నానో ఇవాళ తెలిసింది. రాని సీటు గురించి నా మీద నేను ఎన్ని జోకులేసుకున్నా ఇల్లు కదలక్కర్లేదు. ఇప్పుడు కదలాలి. నవంబరులో నేను ఉండను, నాన్న ఉండడు. రోజూ అమ్మ లేచిన చప్పుడు వినేదాకా మంచం మీద ఊపిరి బిగబట్టుకుని ఉంటాను నేను. అక్కడి నుంచి ఎలా వినపడుతుంది?

ఇంట్లో చెప్పలేదు.

మార్చి 16, ఆదివారం

చెప్పలేదు. నాన్న సామాను సర్దుకుంటున్నాడు, మంచు విరుగుతోంది, ఓడలు కదులుతాయి. ఇలాంటప్పుడు ఎలా చెప్పను? కైసాకి కూడా చెప్పలేదు. దానికి చెప్పడమంటే అందరికీ చెప్పడమే.

మార్చి 17, సోమవారం

నాన్న వెళ్లాడు. చెప్పలేదు. సీటు రాలేదని చెబితే ఎవరికి తెలుస్తుంది? కెటోలా సార్‌కి, నోయెల్‌కి, లైబ్రేరియన్‌కి, ఊరందరికీ తెలుస్తుంది. అది తప్ప మంచి ఆలోచనే.

మార్చి 18, మంగళవారం

కళ్లు తెరిచేసరికి గదినిండా ఎండ.

పక్క మంచం మీద కైసా లేదు. కాళ్లకి ఏమీ తొడుక్కోకుండా కిందికి పరిగెత్తాను. పొయ్యి వెచ్చగా ఉంది. అమ్మ తల దువ్వుకుని, బట్టలు మార్చుకుని కాఫీ తాగుతోంది.

"కైసా ఏది?"

"బడికెళ్లింది."

"బూట్లు?"

"కాళ్లకే ఉన్నాయి."

"నన్నెందుకు లేపలేదమ్మా? మొదటి పీరియడ్ పోయింది!"

"నిన్న కొట్లో కెటోలా కనిపించాడు," అంది అమ్మ. "నీకు సీటొచ్చినందుకు నాకు అభినందనలు చెప్పాడు. నేను గుడ్ల దగ్గర నిలబడి థ్యాంక్స్ అన్నాను. అందరికీ తెలిసిన సంగతి నాకూ తెలిసినట్టే నటించాను. అది నాకు బాగా వచ్చుగా."

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"రాకపోతే బాగుండుననుకున్నావా?"

అవునని తల ఊపాను. సిగ్గేసింది.

"నేనూ అనుకున్నాను," అంది అమ్మ. "ఆ కాగితం నువ్వు పంపిన రోజు. నిజం రాయమని నేనే చెప్పి, వాళ్లు వద్దంటే బాగుండు, పిల్ల నా దగ్గరే ఉంటుంది అనుకున్నాను. అందుకే ఇవాళ లేపలేదు. నువ్వు వెళ్లేదాకా రోజూ లేపను. నువ్వు లేకుండా లేవడం నేను నేర్చుకోవద్దూ?"

"ఎప్పుడైనా లేవలేకపోతే?"

"లేవలేని రోజులు వస్తాయి. డాక్టరుకి ఫోన్ చేస్తాను, మీ అమ్మమ్మని పిలుస్తాను. పైకప్పు ఎక్కే మనిషికి మెట్లెక్కడం కష్టమా? కైసాకి కూడా చెప్పాను. అక్కడ కూర్చుని నువ్వు చెవులు రిక్కించక్కర్లేదు. నువ్వు వెళ్లి ఆ మబ్బుల సంగతి చూడు."

నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ల పని నా చేతిలోంచి లాక్కున్నట్టు కోపం. ఆ వెంటనే, నిలబడ్డచోటే, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చాను. అమ్మ లేచి వచ్చి పట్టుకోలేదు, మా ఇంట్లో అంత అలవాటు లేదు. పొయ్యిలో కాల్చిన పెద్ద అట్టు తీసి, సగం కోసి, నా పళ్లెంలో పెట్టింది. అంచులు మాడాయి.

కూర్చుని తిన్నాను. రెండో సగం కూడా తిన్నాను. రెండో పీరియడ్ కూడా పోయింది.